ఏలికపాము జీవిత చరిత్ర

2015లో దేశమున ప్రారంభమైన నులిపురుగుల నివారణ దినమును గూర్చి మన శ్రోతలు ఎఱుగుదురు. ఫిబ్రవరి 10వ తేదీన, పలుచోట్ల ఆగస్టులో మరల ఒకమారు, బడులలోను అంగన్‌వాడీ కేంద్రములలోను పిల్లలచేత ఆల్బెండజోల్ మాత్రను నమిలించి మ్రింగింతురు. ఏడాది నిండిన శిశువు మొదలు పందొమ్మిదేండ్ల వయసువారి వఱకు అందఱకును ఇయ్యవలెనని నియమము. కడప జిల్లాలోని కొండాపురము వంటి ఊళ్లలో ఈ మాత్రను గూర్చి తల్లులు తఱచుగా వేయదగిన ప్రశ్న ఒకటి కలదు: "పోయినేడు మింగిచ్చిమి గదా, పురుగులు పడిపాయె గదా, మళ్లీ ఎందుకు?"

ఈ ప్రశ్న మిక్కిలి న్యాయమైనది. మాత్ర పనిచేయలేదేమో యను సందేహము దీని వెనుక కొంత దాగియున్నది. బడివారు లెక్క చూపుటకై మ్రింగించుచున్నారేమో యను అనుమానమును ఉండవచ్చును. సమాధానము తెలియవలెనన్న ఆ పురుగు ఎట్లు పుట్టునో, ఎచట తిరుగునో, ఎచట దాగునో తెలిసికొనవలెను. ఆ కథ మనము ఊహించినదానికంటె వింతయైనది.

ముందుగా పేరులను గూర్చి ఒక మాట. కడుపులోని పురుగులన్నిటిని నులిపురుగులనియే పిలుచుట మన వాడుక. నిక్కమునకు నులిపురుగు తెల్లని దారపు తునకవలె అరంగుళమునకు మించని చిన్న పురుగు. రాత్రివేళ పిల్లలకు ఆసనమునొద్ద దురద పెట్టించునది అదియే. కొంకిపురుగు మఱియొకటి, అది వట్టి కాళ్లతో నడచువారి పాదముల చర్మమును తొలుచుకొని లోనికి పోయి, ప్రేవు గోడను కఱచిపట్టి నెత్తురు త్రాగును. బద్దెపురుగు సరిగా ఉడుకని మాంసము వలన వచ్చునది. మేమిచట చెప్పబూనినది వీనిలో ఏదియు కాదు. చూపులకు వానపామును పోలి, దానికంటె పొడవై, పాలిపోయిన గులాబివన్నె గల ఏలికపామును గూర్చియే మా ప్రసంగము. 1758లో లిన్నేయస్ దీనికి ఆస్కారిస్ లంబ్రికాయిడీస్ అని నామకరణము చేసెను. లంబ్రికాయిడీస్ అనగా వానపామును పోలినదని అర్థము. పోలిక పైపైనిది మాత్రమే. వానపాము ఒడలు ఉంగరములు పేర్చినట్లుండును. ఏలికపాము ఒడలు నున్నగా నుండి రెండు కొనల సన్నగిలును. లండను వైద్యుడు ఎడ్వర్డ్ టైసన్ 1683లోనే ఏలికపామును కోసి చూచి, లోపలి నిర్మాణములో ఈ రెంటికిని సంబంధము లేదని చూపెను. వానపాములు కడుపులో జొరబడి ఇట్లు మాఱునని అంతవఱకు నమ్మినవారు లేకపోలేదు.

ఆడ ఏలికపాము 20 మొదలు 35 సెంటీమీటర్ల పొడవుండును. అనగా జానెడు మొదలు జానెడున్నర వఱకు. లావు వ్రాతపెన్సిలంత. మగది కొంచెము చిన్నది. దాని తోక కొన కొంకివలె వంగియుండుటచే సులభముగా గుర్తింపవచ్చును. దీనికి కన్నులు లేవు, చెవులు లేవు, కాళ్లు లేవు, ఎముకలు లేవు. నోటి చుట్టును మూడు పెదవులు మాత్రము కలవు. ఒడలిలో నిండియున్న ద్రవపు ఒత్తిడియే దీనికి వెన్నెముక. గాలి బాగుగా కొట్టిన సైకిలు ట్యూబు ఎట్లు బిగిసియుండునో ఇదియు అట్లే బిగిసియుండును. నివాసము మన చిన్నప్రేవు. కొంకిపురుగువలె ఇది గోడను కఱచి పట్టుకొనదు. ప్రేవులో ఆహారము క్రిందికి జాఱుచుండగా, ఇది ఒడలిని విల్లువలె వంచి గోడలకు ఆనించుకొనుచు, ప్రవాహమునకు ఎదురీదు చేపవలె తన చోటు తాను నిలుపుకొనును. జీవించినన్నాళ్లును ఈ ఎదురీత ఆగదు. మనము తిని, అరిగించి సిద్ధము చేసిన అన్నరసమే దీని భోజనము.

మాంసమును సయితము కరిగించు మన జీర్ణరసములు ఈ మెత్తని ప్రాణిని ఏల కరిగింపవు? మన రసములలోని ట్రిప్సిన్ మొదలగు ద్రవ్యములను పనిచేయనీయకుండ అడ్డగించు పదార్థములను అది తన ఒడలిలో తయారుచేసికొనును. ప్రేవులో ప్రాణవాయువు మిక్కిలి తక్కువ; అందులకును తగిన ఏర్పాటు కలదు. చక్కెరను ప్రాణవాయువు లేకయే విఱిచి శక్తి పొందుట నేర్చినది. దాని ఒడలిలో మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్ వంటి పదార్థమే కలదు గాని, అది మన హిమోగ్లోబిన్‌కంటె వేల రెట్లు గట్టిగా ప్రాణవాయువును పట్టియుంచును. చచ్చిన పిమ్మట మాత్రము దీనికి ఈ రక్షణ ఉండదు. అప్పుడు అదియు ఇతర మాంసమువలెనే అరిగిపోవును. మాత్ర మ్రింగిన పిల్లల మలములో ఒక్కొకప్పుడు పురుగులు కనబడకపోవుటకు ఇదియు ఒక కారణమే.

ఇచట ఒక పెద్ద అపోహను తొలగింపవలెను. పురుగులు కడుపులో పిల్లలు పెట్టి, ఆ పిల్లలు పెరిగి, సంతతి వృద్ధియగునని చాలమంది భయము. అట్లు జరుగదు. ఏలికపాము గ్రుడ్లు మన కడుపులో పొదుగబడవు. ఒక పిల్లవాని కడుపులో ఇరువది పురుగులున్నవనగా, ఆ పిల్లవాడు ఇరువది గ్రుడ్లను వేర్వేఱుగా నోటితో మ్రింగెనని అర్థము. ఒక్కొక్క పురుగు ఆయువు సుమారు ఒక సంవత్సరము మొదలు రెండు సంవత్సరములు. క్రొత్త గ్రుడ్లు నోటిలోనికి పోకున్నచో, మందు లేకయే రెండేండ్లలో పురుగులు తమంతట చచ్చి పోవలెను. అట్లు పోకుండుట మనము మరల మరల మ్రింగుచుండుటకు సాక్ష్యము.

"ఒరే అబ్బీ, అంత బెల్లం తినాకురా, కడుపులో పురుగులు పడతాయి" అని జేజి మందలింపని ఇల్లు మన సీమలో అరుదు. జేజి మాటలో పండ్లకు మేలు కలదు గాని పురుగులకు సంబంధము లేదు. బెల్లములో పురుగు పుట్టదు. ఈగలు ముసిరిన బెల్లము, మట్టి చేతులతో తిన్న బెల్లము వేఱు సంగతి. నిద్రలో పండ్లు కొఱుకుట పురుగుల గుర్తనుటకును ఆధారము చాలదు.

మఱి గ్రుడ్డు కథ. పురుగు కంటె గ్రుడ్డే ముఖ్యమని మా అభిప్రాయము.

ఆడ ఏలికపాము దినమునకు సుమారు రెండు లక్షల గ్రుడ్లు పెట్టును. సంవత్సరమునకు ఏడుకోట్లకు మించును. ఒక్కొక్క గ్రుడ్డు ఎంత చిన్నదనగా, ఇరువదింటిని ప్రక్కప్రక్కన పేర్చిన ఒక మిల్లీమీటరు పట్టును, కంటికి కనబడదు. సూక్ష్మదర్శినిలో చూచిన బంగారు గోధుమవన్నెతో, పైన బుడిపెలు గల తొడుగుతో అందముగానే కనబడును. ఆ వన్నె మన పైత్యరసము అంటిన వన్నె. బుడిపెల తొడుగు జిగటగా నుండి చేతికి, ఆకునకు, కూరగాయకు, పాత్రకు అంటుకొనును. దాని క్రింద గట్టి పెంకు. అన్నిటికంటె లోపల కొవ్వుజాతి పదార్థముతో చేసిన పలుచని పొర. ఈ లోపొర కలుగుటచే ఆమ్లములు గాని క్షారములు గాని మందులు గాని లోనికి చొరవు. శవములను చెడకుండ నిలువచేయు ఫార్మలిన్ ద్రావకములో వేసినను ఈ గ్రుడ్డులోని పిండము పెరుగుట ఆగకుండుటను పరిశోధకులు చూచిరి. కుళాయి నీటిలో కలుపు క్లోరిన్ దీనిని చంపజాలదు. ఉప్పునీరు, పరమాంగనేటు నీరు ఇంతకంటె బలమైనవి కావు.

ఇంత గట్టిదైనను, అప్పుడే మలముతో వెలువడిన గ్రుడ్డు ఎవరికిని హాని చేయదు. అది ఇంకను ఒకే కణము. వెచ్చదనము, తేమ, నీడ, గాలి గల నేలలో రెండు మొదలు నాలుగు వారములు గడచిన గాని దానిలో పిండము పెరిగి అంటుకొను దశకు రాదు. కావున ఏలికపాము ఒకరినుండి ఒకరికి తిన్నగా అంటదు. నడుమ నేల ఉండితీరవలెను. వారముల తరబడి మట్టిలో పండిన గ్రుడ్డే మనకు శత్రువు. అట్లు పండిన పిదప అనుకూలమైన నేలలో అది సంవత్సరముల తరబడి ప్రాణముతో నుండును. పురుగు ఆయువు ఒకటి రెండేండ్లు. గ్రుడ్డు ఆయువు అంతకంటె ఎక్కువ కావచ్చును. తల్లికంటె గ్రుడ్డు ఎక్కువ కాలము బ్రతుకు ఈ విడ్డూరమే పైని ప్రశ్నకు సగము సమాధానము.

గ్రుడ్డునకు శత్రువులు రెండే: ఎండు, వేడి. నేరుగా తగులు ఎండలో, పూర్తిగా ఎండిన మట్టిలో అది చచ్చును. మఱగు నీటిలో క్షణములలో చచ్చును. ఈ మాట వినగానే, నలువది డిగ్రీలకు మించి ఎండలు కాయు మన కొండాపురము ప్రాంతములో దీనికి చోటెక్కడిదని అనుకొనవచ్చును. బయలు చేలలో పైపొర మట్టిని గూర్చి ఆ మాట కొంత నిజమే. కాని ఇంటి వెనుక జాలాడి చూడుడు. అంట్లు తోమిన నీరు పాఱు చోటు, కుండల క్రింది చెమ్మ, దిబ్బ ప్రక్కన చెట్టునీడ, కొత్తిమీర చల్లిన మడి—ఇవి వేసవిలోను ఆఱవు. అచటనే పసిపిల్లలు కూర్చుండి ఆడుకొందురు. అదియుగాక మన ప్రాంతమున నల్లరేగడి విస్తారము. ఇసుకనేల నీటిని జాఱవిడుచును. జిగట రేగడి చెమ్మను గట్టిగా పట్టియుంచును. కొంకిపురుగునకు ఇసుకపాళ్లు గల నేల ఇష్టమైనట్లు, ఏలికపాము గ్రుడ్డునకు బంకనేల ఇష్టమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. పత్తికి, శనగకు మేలు చేయు గుణమే దీనికిని మేలు చేయుచున్నది.

పండిన గ్రుడ్డు నోటిద్వారా కడుపులో పడిన తరువాత జరుగునది చిరకాలము ఎవరికిని తెలియదు. గ్రుడ్డు ప్రేవులో పగిలి అచటనే పెరుగునని అందఱును అనుకొనిరి. భారతీయ వైద్య సర్వీసునకు చెందిన స్టివార్టు 1916లో ఎలుకలకు ఈ గ్రుడ్లు తినిపించి చూడగా, పిల్లపురుగులు ప్రేవులో కాక ఊపిరితిత్తులలో కనబడినవి. ఎలుక నడుమ ఆశ్రయమేమో యని ఆయన మొదట తలచెను. మనిషిలోను ఇట్లే జరుగునని నిరూపించినవాడు జపాను వైద్యుడు కొయినో. ఆయన 1922లో పండిన గ్రుడ్లు రెండువేలు తానే మ్రింగెను. ఆయన తమ్ముడు పంది ఏలికపాము గ్రుడ్లు ఐదువందలు మ్రింగెను. కొలది దినములకు కొయినోకు జ్వరము, దగ్గు, ఆయాసము పట్టుకొని ఊపిరితిత్తుల వాపు వలె ముదిరెను. ఆయన దగ్గి ఉమ్మిన కఫమును సూక్ష్మదర్శినిలో చూడగా అందులో పిల్లపురుగులు కదలుచుండెను. తమ్ముని చేతను ఇట్టి పని చేయించుట మెచ్చదగినది కాకపోయినను, ఆ కఫమే వివాదమును తీర్చినది.

ఆ ప్రయాణ మిట్టిది. చిన్నప్రేవులో గ్రుడ్డు పగులగానే వెలువడిన డింభకము గోడను తొలుచుకొని నెత్తుటి నాళములో ప్రవేశించును. నెత్తురు దానిని కాలేయమునకు, అచటినుండి గుండెకు, గుండెనుండి ఊపిరితిత్తులకు కొనిపోవును. ఊపిరితిత్తులలో కొన్ని దినములు పెరిగి, గాలి సంచులలోనికి వెలువడి, శ్వాసనాళము వెంట గొంతువఱకు ఎగబ్రాకును. అచట పిల్లవాడు ఎఱుగకయే దానిని మరల మ్రింగును. ఈమారు అది కడుపు ఆమ్లమునకు బెదరదు. చిన్నప్రేవు చేరి స్థిరపడి పెద్దదగును. గ్రుడ్డు మ్రింగిన నాటినుండి క్రొత్త గ్రుడ్లు పెట్టువఱకు రెండు మొదలు మూడు మాసములు పట్టును. ప్రేవులో పుట్టి, లోకమంతయు చుట్టి, మరల ఆ ప్రేవునకే రావలసిన ఈ యాత్ర ఏల? దీని పూర్వీకులు చర్మము ద్వారా వచ్చెడివై యుండి, ఆ దారి అలవాటు నేటికిని మిగిలియుండవచ్చునని కొందఱి ఊహ.

ఈ యాత్రవలన తల్లులకు తెలియవలసినది ఒకటి కలదు. మాత్ర ప్రేవులోని పెద్ద పురుగును చంపును. ఊపిరితిత్తులలో తిరుగుచున్న పిల్లపురుగుపై ఆ ఒక్క మాత్రకు అంత ప్రభావము లేదు. పదిదినముల క్రిందట మ్రింగిన గ్రుడ్డు మాత్రను తప్పించుకొని, రెండు నెలలకు పురుగై కూర్చుండగలదు.

ఏలికపాము చేయు హాని రెండు తెఱగులది. ఒకటి అందఱును చూచునది. జ్వరము వచ్చినప్పుడో, మత్తుమందు ఇచ్చినప్పుడో పురుగు చోటు విడిచి తిరుగును. నోటినుండియో ముక్కునుండియో వెలువడి ఇంటివారిని హడలగొట్టును. సన్నని రంధ్రములలో దూరు అలవాటు దానికి కలదు. పైత్యనాళములో దూరినచో భరింపరాని నొప్పియు కామెరలును కలుగును. పురుగులు పెక్కు అయి త్రాటివలె పెనవేసికొని ప్రేవునకు అడ్డుపడిన పిల్లవానికి వాంతులు, కడుపు ఉబ్బరము, శస్త్రచికిత్స. సకాలమున ఆసుపత్రికి చేరనిచో ప్రాణాపాయము. రెండవ హాని కంటికి కనబడనిది. మా దృష్టిలో ఇదియే పెద్దది. పెరుగు వయసులో తిన్న తిండిలో కొంత పురుగులపాలగును. కొవ్వులు, ఏ విటమిన్ ఒంటబట్టుట తగ్గును. ఆకలి మందగించును. పిల్లవాడు జబ్బుపడినట్లు కనబడడు. తోటివారికంటె రెండంగుళములు పొట్టిగా, బడిలో కొంత మందకొడిగా కనబడును. ఎవరును దానికి కారణము వెదకరు.

ఒక ఊరిలో అందఱి కడుపులలోను పురుగులు సమముగా ఉండవు. కొలదిమందిలోనే ఎక్కువ పురుగులుండుటయు, తక్కినవారిలో రెండో మూడో ఉండుటయు ఎల్లెడల కనబడిన విషయము. ఆ కొలదిమందిలో ఐదు మొదలు పదునైదేండ్ల పిల్లలే హెచ్చు. బడిలో అందఱకును మాత్ర ఇచ్చుటలోని రహస్య మిదియే. ఎవరి కడుపులో ముప్పదియున్నవో ముఖము చూచి చెప్పలేము. ఒకరొకరిని పరీక్షించుటకంటె అందఱకును ఇచ్చుట చవుక, నిరపాయము.

మందుల చరిత్రలో మన తెలుగువారి పేరొకటి చెప్పుకొనవలెను. పూర్వము వాయువిడంగములు, మోదుగవిత్తులు మన వైద్యులు వాడిరి. పాశ్చాత్యులు శాంటోనిన్ వాడిరి. అది పిల్లలకు చూపు పసుపువన్నెగా కనబడునట్లు చేయు మందు, మోతాదు తప్పిన విషము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వము వహించుచుండగా, 1947లో హెట్రజాన్ అను మందు వెలువడినది. బోదకాలు పురుగుపై దాని ప్రతాపము జగద్విదితము; నేటికిని ఆ పనికి వాడుచున్నారు. ఆ మందునే పానకముగా చేసి ఏలికపాములకును పిల్లలకు కొన్నేండ్లు ఇచ్చిరి. సుబ్బారావుగారు 1948లోనే గతించిరి. పిమ్మట పైపరజీన్ వచ్చినది. అది పురుగు కండరములను చచ్చుపడజేయును, ఎదురీదలేని పురుగు ప్రవాహమున కొట్టుకొనిపోవును. నేటి ఆల్బెండజోల్ పురుగు చక్కెరను గ్రహింపకుండ చేసి పస్తు పెట్టి చంపును. అందుచే పురుగులు వెంటనే గాక కొన్ని దినములకు పడును.

మాత్రలో లోపము లేదు. అయినను 2012లో పలు దేశముల పరిశీలనలను కలిపి చూచిన సమీక్షలో తేలినదేమనగా, మందు ఇచ్చిన ఆరు మాసములకు ఏలికపాము గలవారి సంఖ్య మందునకు ముందున్న దానిలో నూటికి 68 వంతులకు, సంవత్సరమునకు 94 వంతులకు మరల చేరుచున్నది. తల్లుల ప్రశ్నకు మిగిలిన సగము సమాధానమిది. కడుపు ఖాళీ అయినది. జాలాడి ప్రక్కన మట్టి ఖాళీ కాలేదు.

రాయలసీమవారికి దీనితో పోల్చిచూడదగిన మఱియొక పురుగు ఉండెడిది: నారికురుపు. కాలిలో పుండుపడి, అందుండి మూరలకొలది తెల్లని నారవంటి పురుగు వెలువడుటను, పుల్లకు చుట్టి దినమునకు కొంత లాగుటను పెద్దలు చెప్పగా వినియుందుము. ఆ పురుగు దిగుడుబావిలో దిగినవారి కాలిపుండునుండి నీటిలోనికి పిల్లలను వదలును. నీటిలోని నలుసంత ప్రాణి వానిని మ్రింగును. ఆ నీరు త్రాగినవారికి ఏడాదికి కురుపు లేచును. దానికి మందు లేదు, టీకా లేదు. అయినను దేశమున కడపటి రోగి 1996లో రాజస్థానమున కనబడెను. 2000వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమునందు ఈ రోగము లేదని ధ్రువపఱచినది. దిగుడుబావులు మూసి, చేతిపంపులు వేసి, నీరు గుడ్డతో వడగట్టి దానిని పోగొట్టిరి. మందు లేని పురుగు పోయినది. చవుకైన మంచి మందున్న పురుగు నిలిచినది. కారణము రెండింటి జీవితములోనే కలదు. నారికురుపు పిల్లలు నీటిలో కొలది దినములు మాత్రమే బ్రతుకును, ఆ నలుసంత ప్రాణి లేనిదే అంటవు. బావి అను ఒక్క చోట గొలుసు తెగినచో చాలును. ఏలికపాము గ్రుడ్డునకు నడుమ ఏ ప్రాణియు అక్కఱలేదు, ఒక చోటను లేదు, తొందరయు లేదు.

అయినను ఏలికపామును వెడలగొట్టిన దేశములు లేకపోలేదు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన నాళ్లలో జపానులో నూటికి అఱువదిమందికి ఈ పురుగుండెడిది. దక్షిణ కొరియాలో 1971లోను సగముమందికి మించి ఉండెడిది. ఆ దేశములు బడిపిల్లల మలమును ఏటేట పరీక్షించి మందిచ్చుటతో సరిపెట్టుకొనక, మనుష్య మలమును పచ్చిగా చేలకు ఎరువుగా వేయు అలవాటును మాన్పించినవి. మందు, మట్టి రెండింటిని కూడి పట్టినందున రెండు మూడు దశాబ్దములలో పురుగు ఇంచుమించు కనుమఱుగైనది.

కొండాపురము మండలమున ఈ విషయమున ఒక విశేషము కలదని మాకు తోచుచున్నది. గండికోట జలాశయమున 2020లో నీరు నిలుపగా తాళ్లప్రొద్దుటూరు మునిగినది. అచటివారు తరములనాటి ఊరు విడిచి క్రొత్త చోట ఇండ్లు కట్టుకొనిరి. ఊరు పోయిన దుఃఖమును ఏ లాభముతోను తూచలేము. కాని మనుష్యులు మసలని క్రొత్త నేలలో ఏలికపాము గ్రుడ్లుండవు. అది మనుష్యుడు వేయనిదే నేలకు చేరునది కాదు. ప్రాత ఊళ్లలో పదేండ్లనాటి మట్టితో పోరాడవలెను. క్రొత్త కాలనీలలో మొదటినుండియు మట్టిని కాపాడుకొనుటకు అవకాశము కలదు. ఆ అవకాశము నిలుచుట మరుగుదొడ్డి గోతిమీద ఆధారపడియున్నది.

గోయి త్రవ్వుటతో పని తీఱదు. గ్రుడ్డు నీటికంటె బరువైనది. సెప్టిక్ ట్యాంకులో అడుగున మడ్డిలో ప్రాణముతో కూర్చుండును. ట్యాంకు ఎత్తిపోయువారు ఆ మడ్డిని ఊరిబయట కాలువలోనో కూరగాయల తోటలోనో క్రుమ్మరించినచో, కోట్ల గ్రుడ్లు మరల మన పళ్లెములోనికి దారిపట్టును. రెండు గోతుల దొడ్డి మేలు: ఒకటి నిండినపుడు మూసి రెండవదానిని వాడుకొనుచు, మూసినదానిని కనీసము ఏడాది, వీలైన రెండేండ్లు కదలింపకుండిన గ్రుడ్లు చాలవఱకు నశించును.

ఇంటిలో మఱచిపోవు సంగతి మఱియొకటి. పసిబిడ్డ మలము నిర్దోషమని దానిని దిబ్బమీదనో వాకిట కాలువలోనో వేయుట మనలో సర్వసామాన్యము. రెండేండ్ల బిడ్డ కడుపులోని పురుగు కూడ దినమునకు రెండు లక్షల గ్రుడ్లే పెట్టును. దానిని దొడ్డిలోనే వేయవలెను. కొత్తిమీర, ముల్లంగి, కీరదోస, సంగటిలోనికి పచ్చిగా కొఱుకు ఎఱ్ఱగడ్డ—వీనిని ఉప్పునీట నానవేసినంతమాత్రమున గ్రుడ్డు చావదు. పాఱు నీటిలో చేతితో రుద్ది కడుగుటచే జిగట వదలి కొట్టుకొనిపోవును. తొక్క తీయదగినవి తీయుట మంచిది. ఉడికినదానికి భయము లేదు. పొలమున పెఱికి అచటనే ఒలుచుకొని తిను పచ్చిశనగలలో గింజకు దోషము లేదు. ఒలుచు వ్రేళ్లకు అంటిన మట్టికే దోషము. పిల్లల గోళ్లు పొట్టిగా కత్తిరించుట, తినుటకు ముందు సబ్బుతో చేతులు కడుగుట అందఱును ఎఱిగినవే గనుక విస్తరింపము.

మాత్ర సంగతి. ఏడాది నిండి రెండేండ్లు నిండని బిడ్డకు 200 మిల్లీగ్రాములు, అనగా అరమాత్ర, పొడిచేసి నీటితో ఇత్తురు. అంతకు పైబడినవారికి 400 మిల్లీగ్రాముల పూర్తి మాత్ర, బాగుగా నమిలి మ్రింగవలెను. ఆనాడు జ్వరముగానున్న బిడ్డకు నయమైన పిదప ఇయ్యవచ్చును. గర్భిణులు మొదటి మూడు నెలలలో మ్రింగరాదు. పురుగులు హెచ్చుగానున్న పిల్లలకు మాత్ర పిదప కొంచెము కడుపునొప్పియో వాంతియో కలుగవచ్చును. అది పురుగులు కదలుటవలన కలిగి కొలది గంటలలో తగ్గును. తగ్గక కడుపు బిగిసినచో వెంటనే వైద్యుని చూపవలెను. పురుగు పోయినదా లేదా యని సందేహమున్నవారు మాత్ర మ్రింగిన రెండు మూడు వారములకు బిడ్డ మలమును దగ్గఱి ఆసుపత్రిలో పరీక్షింపజేసినచో, గ్రుడ్లు కనబడుటను బట్టియో కనబడకుండుటను బట్టియో నిజము తేలును.